ఫ్లోరైడ్ పూత వేశాక ఇంట్లో ఏం పెట్టాలో తల్లులకు తెలుగులో చెప్పండి

సంపాదకులు గారికి,

అయ్యా,

పిల్లల పళ్ళు పుచ్చకుండా ఫ్లోరైడ్ పూత వేయించే అలవాటు మన పట్టణాల్లోని దంతవైద్యశాలల్లోనూ, పాఠశాలల్లో జరిగే శిబిరాల్లోనూ పెరుగుతోంది. పెరగవలసినదే. అయితే పూత వేసే పని కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. అది పంటిని పట్టుకుని ఉంటుందా, ఊడిపోతుందా అన్నది మాత్రం ఆ తర్వాత ఇంట్లో గడిచే కొన్ని గంటల మీద ఆధారపడి ఉంటుంది. ఆ గంటల్లో బిడ్డకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, పళ్ళు మళ్ళీ ఎప్పుడు తోమించాలి అన్న సంగతులు తల్లిదండ్రులకు సరిగా అందడం లేదని, అందినా వాళ్ళ వంటింటికి పనికివచ్చే రూపంలో అందడం లేదని, ప్రకాశం జిల్లాలో చిన్నపిల్లల దంతవైద్యురాలిగా పనిచేస్తున్న నేను నిత్యం గమనిస్తున్నాను. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా తల్లిదండ్రులకూ, తోటి వైద్యులకూ, శిబిరాలు ఏర్పాటు చేసే అధికారులకూ విన్నవించుకోదలిచాను.

ముందుగా, ఫ్లోరైడ్ చికిత్స అంటే ఒక్కటే కాదని తెలియాలి. మన దగ్గర ఎక్కువగా వాడేవి రెండు: జెల్, వార్నిష్. ఈ రెండింటి జాగ్రత్తలు వేరు వేరు. ఒకదానికి చెప్పిన మాట ఇంకొకదానికి పాటించడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది. జెల్‌ను ట్రేలో నింపి పళ్ళకు తొడిగి 4 నిమిషాలు ఉంచుతారు. అందులో ఫ్లోరైడ్ 1.23 శాతం, అంటే 12,300 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 12,300 పాళ్ళు) ఉంటుంది. అది పుల్లగా ఉండడం వల్ల నోట్లో నీరు బాగా ఊరుతుంది. ఊరినదాన్ని మింగకుండా ఉమ్మివేయడం చేతకావాలి కనుక ఆరేళ్ళ లోపు పిల్లలకు జెల్ వాడకూడదు. ట్రే తీసిన తర్వాత నోట్లో మిగిలినదంతా శుభ్రంగా ఉమ్మించాలి, ఆపైన అరగంట సేపు మంచినీళ్ళతో సహా ఏదీ నోట్లో వేసుకోకూడదు, పుక్కిలించకూడదు. ఆ అరగంట గడిస్తే మామూలుగా తినవచ్చు. ఇంటి దాకా వెళ్ళనవసరం లేకుండా, ఆ అరగంటా వైద్యశాలలోనే కూర్చోబెట్టి పంపితే ఇంకా మంచిది.

వార్నిష్ సంగతి వేరు. దీన్ని చిన్న కుంచెతో పళ్ళ మీద పలచగా రాస్తారు. చాలా రకాల్లో పైన్ చెట్ల నుంచి తీసిన జిగురు కలిసి ఉంటుంది కనుక ఉమ్మి తగలగానే గట్టిపడి పంటికి అంటుకుంటుంది. ఇందులో సోడియం ఫ్లోరైడ్ 5 శాతం, ఫ్లోరైడ్ లెక్కలో 22,600 పీపీఎం. మనం రోజూ తోముకునే పేస్టులో 1,000 పీపీఎంకు మించి ఉండకూడదన్నది మన దేశంలో నిబంధన. అంటే వార్నిష్ అంతకు ఇరవై రెట్లకు పైగా గాఢమైనది. ఇంత గాఢమైనది పాలపళ్ళ పిల్లలకు కూడా వాడగలుగుతున్నామంటే, అది కారిపోకుండా పంటినే అంటుకుని ఉండడం వల్లా, రాసేది బహుకొద్దిగా కావడం వల్లా. దీని విషయంలో బిడ్డను ఆకలితో కూర్చోబెట్టవలసిన పని లేదు. మంచినీళ్ళు తాగించవచ్చు, మెత్తనివి, చల్లారినవి పెట్టవచ్చు. ఆపవలసింది గట్టివీ, జిగటవీ, వేడివీ, వాటితోపాటు పళ్ళు తోమడమూను. ఎంతసేపు ఆపాలన్నది తయారీ సంస్థను బట్టి 4 గంటల నుంచి మర్నాటి ఉదయం దాకా మారుతుంది. ఆ కాలం ఎంతో వైద్యుడు స్పష్టంగా చెప్పాలి, చెప్పకపోతే తల్లి అడగాలి.

ఎందుకు ఆగాలో తెలిస్తే ఆగడం సులువవుతుంది. పూతలోని ఫ్లోరైడ్ పంటి మీది కాల్షియంతో కలిసి కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా ఎనామిల్ మీద, అంటే పంటి గట్టి పైపొర మీద, పేరుకుంటుంది. బిడ్డ తీపి తిన్నప్పుడల్లా నోట్లోని సూక్ష్మజీవులు ఆ చక్కెర నుంచి ఆమ్లం తయారు చేస్తాయి. ఆమ్లం ఎంత ఉందో తెలిపే కొలత పీహెచ్; ఆమ్లం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఆ సమయంలో ఆ రేణువుల్లోంచి ఫ్లోరైడ్ విడుదలై, పోయిన ఖనిజం తిరిగి పంటిలో చేరడానికి తోడ్పడుతుంది. అలా ఫ్లోరైడ్‌తో కూడి ఏర్పడిన పొర పీహెచ్ 4.5కు తగ్గేదాకా తట్టుకోగలదు. పూత పంటిని అంటుకుని ఉన్న ప్రతి గంటా ఈ నిల్వ పెరిగే గంటే. అరగంటలోనే ఊడగొట్టుకుంటే పెట్టిన ఖర్చుకూ, పడిన శ్రమకూ తగిన ఫలం దక్కదు.

ఇక తిండి విషయం. వైద్యశాలల్లో ఇచ్చే కాగితాలు చాలా వరకు ఇంగ్లీషులో ఉంటాయి. పాస్తా, యోగర్ట్ తినమనీ, ప్రెట్జెల్స్, బేగెల్స్ మానమనీ రాసి ఉన్న కాగితాన్ని కనిగిరి నుంచి వచ్చిన ఒక తల్లి చేతిలో నేను చూశాను. ఆమె పదో తరగతి చదివిన మనిషి, శ్రద్ధ గల మనిషి. ఆ కాగితాన్ని భద్రంగా మడిచి సంచిలో పెట్టుకుంది గాని, ఆ రాత్రి బిడ్డకు ఏం పెట్టాలో మాత్రం ఆమెకు తెలియలేదు. ఆమెకు చెప్పవలసింది ఇది: పెరుగన్నం పెట్టు, పప్పన్నం బాగా మెత్తగా కలిపి చల్లార్చి పెట్టు, ఇడ్లీ పెట్టవచ్చు గాని పొగలు కక్కేది వద్దు, పచ్చి కొబ్బరి పలుకులు లేకుండా చట్నీ వేసుకోవచ్చు, ఉప్మా, మెత్తని కిచిడీ, అరటిపండు, ఉడికించిన గుడ్డు, గోరువెచ్చని పాలు ఏవైనా ఫరవాలేదు. జంతికలు, చెక్కలు, అప్పడాలు, వడియాలు, మరమరాలు, జామకాయ, చెరకు ముక్క, మొక్కజొన్న పొత్తు, తేగలు ఆ పూటకు వద్దు. పల్లీ పట్టీ, నువ్వుల ఉండ, జీళ్ళు, బెల్లం పాకం పట్టినవి ఏవైనా పూతను తమతో లాక్కుపోతాయి కనుక వాటిని మర్నాటిదాకా కంటికి కనిపించనివ్వకు. తెలంగాణలో సకినాలు, మన వైపు అరిసెలు పండుగ రోజుల్లో ప్రతి ఇంట్లో ఉంటాయి. అందుకే సంక్రాంతి ముందు వారంలో పూత కోసం వచ్చేవాళ్ళకు నేను పండుగ అయ్యాక రమ్మని చెబుతాను. పిండివంటల డబ్బా ఎదుట పెట్టుకుని తినవద్దంటే ఏ బిడ్డ ఆగుతాడు?

వేడి గురించి మరికొంచెం చెప్పాలి, ఎందుకంటే మన భోజనంలో వేడికి ఉన్న స్థానం చాలా పెద్దది. వేడి తగిలితే ఆ జిగురు పొర మెత్తబడి జారిపోతుంది. పొగలు వచ్చే చారు, సాంబారు, టీ, కాఫీ, రాగిజావ ఇవన్నీ చల్లార్చే తాగాలి. అలాగే వార్నిష్‌ను కరిగించి ఉంచే ద్రవం ఆల్కహాలే కనుక, ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్‌లు ఆ పొరను మళ్ళీ కరిగించగలవు. పెద్దవాళ్ళ విషయంలో ఇది గుర్తుంచుకోవలసిన మాట. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్ళకు లాలాజలం తగ్గి పళ్ళు త్వరగా పుచ్చుతాయి; చిగుళ్ళు జారిన వృద్ధులకు పంటి వేళ్ళ దగ్గర పుచ్చు వస్తుంది. వీళ్ళకూ ఫ్లోరైడ్ పూత వేస్తున్నాం. వాళ్ళు ఆ రోజు వక్కలూ కిళ్ళీ కూడా మానాలి. పింగాణీ క్యాపులు ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెబితే, పుల్లటి జెల్ బదులు వాటికి హాని చేయని రకం ఎంచుకోవడానికి వైద్యుడికి వీలవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది మాత్రం తిండి కాదు, పుక్కిలించడం. మన ఇళ్ళల్లో అన్నం తిన్న ప్రతిసారీ నోటినిండా నీళ్ళు పోసుకుని గలగలా పుక్కిలించి ఉమ్మడం చిన్నప్పటి నుంచి నేర్పే మంచి అలవాటు. దానికి తోడు, పంటి వైద్యం ఏది జరిగినా గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించాలన్న నమ్మకం బలంగా ఉంది. పన్ను తీయించుకున్న మర్నాటి నుంచి ఉప్పునీళ్ళు మేలు చేస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ పూత వేయించుకున్న నాడు మాత్రం ఆ పని చేయకూడదు. పూత అంటుకున్నాక పంటి మీద కొంచెం బరువుగా, గరుకుగా తోచడం వల్ల పిల్లలు నాలుకతో తడుముతూనే ఉంటారు. అమ్మమ్మలు "నోరు కడుక్కోరా" అంటూనే ఉంటారు. తిన్న తర్వాత రెండు గుక్కల నీళ్ళు తాగి మింగితే చాలు. ఆ ఒక్క పూటకు గట్టిగా పుక్కిలించవద్దని మేము విడమరిచి చెప్పకపోతే, ఇంట్లో పెద్దవాళ్ళు తమకు తెలిసిన మంచే చేస్తారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

మా ప్రాంతానికి సంబంధించిన మరొక సంగతి ఉంది, దాన్ని దాటవేసి ఈ విషయం రాయలేను. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల, పళ్ళ జబ్బును 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లాలోనే మొదట వివరించారు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల వాళ్ళ బాధ దేశమంతా ఎరిగినదే. అటువంటి చోట పుట్టి పెరిగిన మనిషికి ఫ్లోరైడ్ అన్న పేరు వింటేనే వంగిన నడుములూ, గారకట్టిన పళ్ళూ గుర్తుకొస్తాయి. కొన్ని వార్నిష్‌లు పంటి మీద లేత పసుపు రంగు పొరగా కనిపిస్తాయి. వేరే చోట మనవరాలికి పూత వేయించుకుని ఇంటికి వెళ్ళిన ఒక అవ్వ ఆ పసుపు చూసి హడలిపోయి, చీర చెంగుకు ఉప్పు అద్ది ఆ చిన్నపిల్ల పళ్ళన్నీ రుద్ది, చిగుళ్ళు ఎర్రబడ్డాక నా దగ్గరకు తీసుకొచ్చింది. "ఏందమ్మా డాక్టరమ్మా, మా పళ్ళు ఎట్టా అయినాయో చూస్తన్నావు గదా, ఈ బిడ్డవి గూడా అట్టా చేస్తారా?" అని నిలదీసింది. ఆమె పళ్ళు చూశాక ఆ ప్రశ్న అడిగే హక్కు ఆమెకు పూర్తిగా ఉందని నాకు అనిపించింది. ఆ పసుపు పైపై పొర మాత్రమేననీ, మర్నాడు పొద్దున తోమితే పోతుందనీ పూత వేయకముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ బిడ్డ చిగుళ్ళు ఒరిసిపోయేవి కావు.

ఆ అవ్వకు చెప్పిన లెక్కే ఇక్కడా చెబుతాను. పాలపళ్ళ పిల్లలకు రాసే వార్నిష్ సుమారు పావు మిల్లీలీటరు. అందులో ఉండే ఫ్లోరైడ్ అంతా కలిపినా 6 మిల్లీగ్రాముల లోపే. అది ఒక్కసారిగా కడుపులోకి పోదు, గంటల తరబడి కొద్దికొద్దిగా కరుగుతుంది. ఇలా ఏడాదికి రెండు నుంచి నాలుగు సార్లు వేస్తాం. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని మన ప్రమాణం చెబుతుంది, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉన్న బోరు నీళ్ళు రోజుకు లీటరు తాగే బిడ్డ, ఒక పూతలో ఉన్నంత ఫ్లోరైడ్‌ను రోజున్నరలో మింగుతుంది. ఏడాది పొడవునా, ఏళ్ళ తరబడి మింగుతుంది. ఎనిమిదేళ్ళ లోపు, చిగురు లోపల శాశ్వత పళ్ళ ఎనామిల్ తయారయ్యే కాలంలో అలా రోజూ కడుపులోకి పోయే ఫ్లోరైడే పళ్ళను గారపట్టిస్తుంది. పైన రాసే పూత పని చేసే తీరు వేరు, మోతాదు వేరు. అయినా ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగే ఊళ్ళ పిల్లలకు పూత అవసరమా, ఎన్నిసార్లు అవసరం అన్నది ఆ బిడ్డ పళ్ళు చూసి, తాగే నీళ్ళ సంగతి అడిగి వైద్యుడు నిర్ణయించాలి. శిబిరంలో వరుసగా నిలబెట్టి అందరికీ ఒకేలా రాసుకుంటూ పోవడం నాకు సమ్మతం కాదు.

శిబిరాల వేళల గురించి కూడా చెప్పాలి. మా ప్రాంతంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో శిబిరం పెట్టి, తల్లిదండ్రులతో మాట్లాడడానికి నన్ను పిలిచారు. పిల్లలకు పూత వేయడం పూర్తయ్యేసరికి మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. ఆ రోజు చిక్కీ ఇచ్చే రోజు. పొగలు కక్కే సాంబారన్నం తిని, చేతులు కడుక్కుని, కుళాయి దగ్గర బారులు తీరి పుక్కిలించి, పిల్లలందరూ చిక్కీలు కొరుకుతూ బయటికి వచ్చారు. రెండో తరగతి పిల్లవాడొకడు తన చిక్కీ ముక్క నాకు చూపించాడు: కొరికిన అంచుకు పసుపుపచ్చని పలచని పొర అంటుకుని ఉంది. "నా పంటి మందు దీనికి అంటింది మేడమ్" అన్నాడు. ఉపాధ్యాయులకు ఎవరూ ఏమీ చెప్పలేదు, వంట చేసే అమ్మలకు అసలే తెలియదు. శ్రమపడి వచ్చిన వైద్య విద్యార్థుల పని, ప్రభుత్వం పెట్టిన ఖర్చు, పిల్లల ఓపిక అన్నీ ఒక గంటలో నీళ్ళపాలయ్యాయి.

దీన్ని సరిదిద్దడానికి డబ్బు అక్కర్లేదు. పాఠశాలలో అయితే మధ్యాహ్న భోజనం ముగిశాక పూత వేయండి. చిక్కీ ఇచ్చే రోజులు వదిలిపెట్టండి, లేదా ఆ రోజు చిక్కీని మర్నాటికి దాచి ఇవ్వమని ప్రధానోపాధ్యాయుడికి ముందే రాయండి. వైద్యశాలలో అయితే సాయంత్రం వేళ మంచిది. బిడ్డకు టిఫిను పెట్టి, పళ్ళు తోమించి తీసుకొస్తే, పూత వేయించుకుని ఇంటికి వెళ్ళి రాత్రి చల్లారిన మెత్తని అన్నం తిని పడుకుంటాడు. ఆ రాత్రికి తోమడం ఉండదు, పొద్దున్నే మామూలు బ్రష్‌తో తోమితే మిగిలిన పొర పోతుంది. బొగ్గు, ఇటుకపొడి, గరుకు పళ్ళపొడులు ఎప్పుడూ వద్దు గాని, ఆ పొద్దున అసలే వద్దు. పూత వేయించామన్న ధైర్యంతో పడుకునేటప్పుడు చక్కెర పాల సీసా నోట్లో పెట్టే తల్లులు ఉన్నారు. ఆ అలవాటు ముందర ఏ పూతా నిలవదు.

ఎవరు ముందుగా వైద్యుడికి చెప్పుకోవాలో కూడా రాస్తాను. పైన్ జిగురు పడనివాళ్ళు, ఉబ్బసం తీవ్రమై ఆసుపత్రిలో చేరిన పిల్లలు, నోట్లో పుండ్లు, చిగుళ్ళ మీద కురుపులు ఉన్నవాళ్ళు పూతకు ముందే ఆ సంగతి చెప్పాలి. జెల్ ఖాళీ కడుపుతో పెట్టించుకుంటే వికారం రావచ్చు, అందువల్ల ఏదైనా తినే రావాలి. పొరపాటున కొంత మింగి కడుపులో తిప్పినట్లయితే పాలు తాగించండి. పాలలోని కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టేసి ఒంట్లోకి చేరకుండా తగ్గిస్తుంది. వాంతులు ఆగకపోయినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇవి అరుదు, కానీ అరుదైనవి కూడా కాగితం మీద ఉండాలి.

పుచ్చిన పంటికి కొందరు రాసే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ వేరే మందు. దాన్ని రాస్తే పుచ్చిన భాగం నల్లబడి అలాగే ఉండిపోతుంది. అది పని చేస్తున్నదనడానికి గుర్తే అయినా, ముందు చెప్పకుండా రాస్తే ఏ తల్లయినా గుండె పట్టుకుంటుంది. ఆ నలుపును ఒప్పుకున్నాకనే రాయాలి.

రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకూ, పాఠశాల విద్యాశాఖలకూ, దంతవైద్య కళాశాలలకూ నా విన్నపం ఇది. ఫ్లోరైడ్ పూత వేసే ప్రతి చోటా ఒక పేజీ తెలుగు కాగితం ఇవ్వాలి. వేసినది జెల్లో వార్నిషో దాని మీద గుర్తు పెట్టాలి. ఎన్ని గంటలకు తినవచ్చో, ఎన్ని గంటలకు తోమవచ్చో అంకెల్లో రాయాలి, మళ్ళీ ఎన్ని నెలలకు రావాలో రాయాలి. మన ఇళ్ళల్లో వండేవే అందులో ఉండాలి. చదవలేని అవ్వలకూ తాతలకూ ఆ కాగితాన్ని చదివి వినిపించాలి, పూత వేశాక కాదు, వేయకముందు. పాఠశాలలో అయితే ఒక ప్రతి ప్రధానోపాధ్యాయుడికి, ఒకటి వంటశాలకు అందాలి. మా వైద్యశాలలో ఇటువంటి కాగితాన్ని మేము వాడుతున్నాం. పసుపు రంగు గురించీ పుక్కిలించడం గురించీ ఉన్న రెండు వాక్యాలనూ పెద్ద అక్షరాల్లో వేయించాం. ఏ పాఠశాల గాని, ఏ శిబిర నిర్వాహకులు గాని అడిగితే దాని ప్రతిని ఉచితంగా పంపడానికి సిద్ధంగా ఉన్నాం, తమ ప్రాంతపు వంటకాలను బట్టి మార్చుకుని వాడుకోవచ్చు.

భవదీయురాలు,
చిన్నపిల్లల దంతవైద్యురాలు,
ప్రకాశం జిల్లా.